దుప్పటి తగిలినా తొడ ఎందుకు మండుతుంది: ఎముక క్యాన్సర్ నొప్పికి వెన్నుపాములో జరిగే మార్పులు

నర్సంపేట దగ్గరి పల్లె నుంచి ఒక కూతురు అడిగిన ప్రశ్న ఇది: "మా బాపుకు ప్రొస్టేట్ క్యాన్సర్. కుడి తొడ బొక్కకు, తుంటికి పాకింది. మార్ఫిన్ 10 మిల్లీగ్రాముల గోలీ నాలుగు గంటలకోసారి ఇస్తున్నం. కదలకుండ పండుకుంటే మంచిగనే ఉంటడు. పక్కకు ఒత్తిగిలితే కేక పెడుతడు. దుప్పటి తగిలినా వద్దంటడు. స్కానుల మచ్చ చిన్నగనే ఉందన్నరు. మరి గింత నొప్పెందుకు? ఫిట్స్ మందు గబాపెంటిన్ ఎందుకు రాసిన్రు?"

స్కానులో మచ్చ ఎంతుందో చూసి నొప్పి ఎంతుండాలో లెక్క కట్టకండి. నొప్పి మొదలయ్యేది ఎముకలోనే, కానీ అది పెరిగి పెద్దదయ్యే చోటు వెన్నుపాము. ఎముక నుంచి వారాల తరబడి ఆగకుండా వచ్చే సంకేతాల వల్ల వెన్నుపాములోని కణాలు తమ పని తీరునే మార్చుకుంటాయి. ఆ తర్వాత కొద్దిపాటి కదలిక, మెత్తటి స్పర్శ కూడా నొప్పిగానే పైకి వెళ్తాయి. మీ బాపు నొప్పిని పెంచి చెప్పడం లేదు. ఇంట్లో అందరికీ ముందు ఈ మాట చెప్పండి.

ఎముక దగ్గర మొదలుపెడదాం. ఎముకకు పైన పలచటి పొర ఒకటి ఉంటుంది. ఎముక భాగాలన్నిటిలో నరాల చివరలు ఎక్కువ దట్టంగా ఉండేది ఆ పొరలోనే. లోపలి మూలుగలో, గట్టి భాగంలో కూడా సన్నని నరాలు ఉంటాయి. క్యాన్సర్ కణాలు ఎముకను స్వయంగా తినేది తక్కువ. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ అనే మన సొంత కణాలనే రెచ్చగొట్టి ఆ పని చేయిస్తాయి. ఆస్టియోక్లాస్ట్ ఎముక మీద బోర్లించిన గిన్నెలా అతుక్కుని, కింది సందులోకి ఆమ్లం వదులుతుంది. అక్కడ పీహెచ్ 4 నుంచి 5 దాకా పడిపోతుంది, అంటే పులిసిన పెరుగంత పులుపు. ఆ పులుపును పసిగట్టే ద్వారాలు నరాల చివర్లలో ఉన్నాయి. వాటిలో ఒకటి టీఆర్‌పీవీ1, మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలితే తెరుచుకునేది అదే. (మన వరంగల్ చపాటా మిరప అంత ఎర్రగా ఉన్నా నాలుకను పెద్దగా మండించదు, దానిలో క్యాప్సైసిన్ తక్కువ కాబట్టి.) మామూలుగా ఈ ద్వారం తెరుచుకోవాలంటే 43 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. ఆమ్లం తోడైతే ఒంటి వేడే సరిపోతుంది. కదలకుండా ఉన్నప్పుడు కూడా లోపల సన్నగా సలుపు ఉండడానికి ఇదొక కారణం.

పులుపుతో పాటు గడ్డలోని కణాలు, వాటి చుట్టూ చేరిన రక్షణ కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే వాపు పుట్టించే పదార్థాలను, ఎన్‌జీఎఫ్ అనే నరాల పెరుగుదల పదార్థాన్ని వదులుతాయి. ఎముకకు వచ్చే నొప్పి నరాల్లో దాదాపు 80 శాతానికి ఎన్‌జీఎఫ్‌ను పట్టుకునే గ్రాహకం ఉంది. చర్మంలో ఇంత శాతం ఉండదు. ఎలుకల ఎముకల్లో చూస్తే, ఎన్‌జీఎఫ్ ఎక్కువైన చోట నరాలు పిచ్చిమొక్కల్లా కొత్త కొమ్మలు వేసి చిక్కుపడిపోతాయి. గడ్డ మధ్యలో చిక్కుకున్న నరాలేమో తెగి నశిస్తాయి. కాబట్టి ఇది వాపు నొప్పి, తెగిన నరం నొప్పి రెండూ కలిసిన నొప్పి. ఒక్క మందుతో లొంగకపోవడానికి మొదటి కారణం ఇది.

ఇప్పుడు వెన్నుపాము. తొడ ఎముక నుంచి వచ్చే నరాలు నడుము భాగపు వెన్నుపాము ముక్కల్లోకి చేరతాయి. వెన్నుపాము మాత్రం నడుము కింద దాకా ఉండదు, మొదటి నడుము పూస దగ్గరే ముగుస్తుంది. అందుకే తొడ నొప్పి సంకేతం వెన్నుపాములో కలిసే చోటు దాదాపు చివరి పక్కటెముకల ఎత్తులో ఉంటుంది. వెన్నుపామును అడ్డంగా కోస్తే సీతాకోకచిలుక ఆకారం కనిపిస్తుంది. దాని వెనుక రెక్కల అంచున సన్నని పొరలు ఉంటాయి. నొప్పి వార్త మొదట చేరేది ఒకటో, రెండో పొరలకు.

అక్కడ ఒక్క సినాప్స్‌ను, అంటే ఒక నరకణం మరో కణానికి వార్త అందించే సందును, దగ్గరగా చూడండి. ఎముక నుంచి వచ్చిన నరం చివర గ్లూటమేట్ అనే వార్త మోసే రసాయనాన్ని వదులుతుంది, గట్టి దెబ్బయితే సబ్‌స్టెన్స్ పి అనే మరో రసాయనాన్ని కూడా. అవతలి కణం మీద ఎన్‌ఎమ్‌డీఏ గ్రాహకం ఉంటుంది, దాని నోట్లో మెగ్నీషియం అయాన్ బిరడాలా ఇరుక్కుని ఉంటుంది. ఒకటి రెండు సంకేతాలకు ఆ బిరడా కదలదు. సంకేతాలు ఒకదాని మీద ఒకటి వస్తూ ఉంటే కణంలోని విద్యుత్ స్థితి మారి బిరడా ఊడుతుంది, కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. కాల్షియం వచ్చాక కణం తన గ్రాహకాలను మరింత చురుకు చేసుకుంటుంది, కొత్తవి పైకి తెచ్చుకుంటుంది. అప్పటి నుంచి అదే సంకేతానికి రెట్టింపు, మూడింతలు స్పందిస్తుంది. దీన్నే సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటారు. ఏ దీర్ఘకాలపు నొప్పిలోనైనా ఇది ఎంతో కొంత జరుగుతుంది.

ఎముక క్యాన్సర్‌లో దీనికి తోడు మరికొన్ని మార్పులు ఉన్నాయి. 1999లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు ఎలుక తొడ ఎముకలో క్యాన్సర్ కణాలు పెట్టి, ఆ వైపు వెన్నుపామును పరీక్షించారు. ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు విపరీతంగా ఉబ్బి కనిపించాయి. డైనార్ఫిన్ అనే పదార్థం పెరిగింది. ఆ కాలును వేళ్లతో మెల్లగా, నొప్పి పుట్టించనంతగా నొక్కినా, ఒకటో పొర కణాలు తమ సబ్‌స్టెన్స్ పి గ్రాహకాలను లోపలికి లాక్కున్నాయి. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో గట్టి నొప్పి కలిగితేనే జరిగే పని అది. మరుసటి ఏడాది వాపు నొప్పి, నరం దెబ్బ నొప్పి, ఎముక క్యాన్సర్ నొప్పి మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చారు. వాపులో వెన్నుపాములో సబ్‌స్టెన్స్ పి పెరుగుతుంది, నరం దెబ్బతింటే తగ్గుతుంది. ఎముక క్యాన్సర్‌లో పెరగలేదు, తగ్గలేదు. ఆస్ట్రోసైట్ల ఉబ్బు, డైనార్ఫిన్ పెరుగుదల మాత్రం కొట్టొచ్చినట్టు ఉన్నాయి. అంటే వెన్నుపాము ఈ నొప్పి మీద వేసే ముద్ర వేరే.

ఆస్ట్రోసైట్ ఉబ్బితే వచ్చే నష్టం ఏమిటంటే, సినాప్స్‌లో మిగిలిపోయిన గ్లూటమేట్‌ను ఊడ్చేయడం దాని పని. ఉబ్బి రెచ్చిన ఆస్ట్రోసైట్ ఆ పని సరిగా చేయదు. పైగా ఇంటర్‌ల్యూకిన్ వంటి వాపు పెంచే పదార్థాలు వదిలి పక్క కణాలను ఇంకా రెచ్చగొడుతుంది.

మీ దుప్పటి ప్రశ్నకు జవాబు 2003లో లండన్‌లో జరిగిన పనిలో ఉంది. వెన్నుపాము పై పొరలో రెండు రకాల కణాలుంటాయి. గట్టి నొప్పికి మాత్రమే పలికేవి ఒక రకం. మెత్తటి స్పర్శ నుంచి గట్టి నొప్పి దాకా అన్నిటికీ పలికేవి రెండో రకం. మామూలు ఎలుకల్లో ఈ రెండో రకం 26 శాతం ఉంటే, ఎముక క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో 47 శాతానికి చేరింది. నొప్పికి మాత్రమే పలకాల్సిన దారిలోకి స్పర్శ కూడా చొరబడిందన్నమాట. దుప్పటి నిజంగానే దుప్పటిలాగే తగులుతుంది, కానీ మెదడుకు వెళ్లే వార్త నొప్పి వార్త.

అడ్డుకునే వ్యవస్థ కూడా బలహీనపడుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన గేటు సిద్ధాంతం ప్రకారం వెన్నుపాములో నొప్పిని వడకట్టే ఏర్పాటు ఉంది. మన చెరువుకు తూము ఎట్లాగో అట్లా. తూము మూసే పని గాబా అనే పదార్థం చేస్తుంది. అది క్లోరైడ్ అయాన్లను కణంలోకి పంపి కణాన్ని చల్లబరుస్తుంది. ఇది సాగాలంటే కణం లోపల క్లోరైడ్ తక్కువగా ఉండాలి. కేసీసీ2 అనే పంపు లోపలి క్లోరైడ్‌ను ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంది. నరం దెబ్బతిన్న నొప్పుల్లో మైక్రోగ్లియా అనే వెన్నుపాములోని రక్షణ కణాలు వదిలే బీడీఎన్‌ఎఫ్ అనే పదార్థం వల్ల ఈ పంపు తగ్గిపోతుంది. లోపల క్లోరైడ్ నిండిపోయాక తూము తిప్పినా నీళ్లు ఆగవు, ఒక్కోసారి ఎదురు పారతాయి. ఎముక క్యాన్సర్ నొప్పిలో నరం దెబ్బ భాగం ఎంత ఉంటే అంత మేర ఇది కూడా తోడవుతుంది. మెదడు కాండం నుంచి కిందికి వచ్చే సెరొటోనిన్ దారి కూడా నొప్పిని తగ్గించే బదులు పెంచే వైపు మొగ్గుతుంది. నిద్ర లేకపోయినా, భయం ఎక్కువైనా నొప్పి పెరిగేది ఈ దారి గుండానే. కాబట్టి రాత్రి నిద్ర పట్టించడం కూడా నొప్పి వైద్యంలో భాగమే.

ఇక మార్ఫిన్. ఎలుకల్లో పోల్చి చూస్తే, అంతే తీవ్రత ఉన్న వాపు నొప్పికి సరిపోయే మార్ఫిన్‌కు పది రెట్లు ఎక్కువ మోతాదు ఎముక క్యాన్సర్ నొప్పికి కావాల్సి వచ్చింది. ఆ ఎముక నుంచి వచ్చే నరకణాల్లో మార్ఫిన్ పట్టుకునే గ్రాహకాలే తగ్గిపోవడం ఒక కారణం. మనిషికి అదే లెక్క వర్తిస్తుందని పదింతలు ఇవ్వకూడదు. దీనిలోంచి తీసుకోవాల్సింది ఒక్కటే: మార్ఫిన్ ఒక్కదాని మీద బరువంతా మోపకూడదు.

మీ బాపుది రెండు నొప్పుల లెక్క అని అర్థం చేసుకోండి. ఒకటి ఎప్పుడూ ఉండే సలుపు, అది 10 మిల్లీగ్రాములతో అదుపులోనే ఉంది. రెండోది కదిలినప్పుడు వచ్చే పోటు. అది నిమిషాల్లో శిఖరానికి చేరి అరగంటలోపే తగ్గుతుంది. నోటి మార్ఫిన్ పనిచేయడానికి 20 నుంచి 30 నిమిషాలు, పూర్తి బలం రావడానికి గంట దాకా పడుతుంది. కేక విన్నాక గోలీ ఇస్తే, నొప్పి పోయిన తర్వాత మందు ఎక్కుతుంది, మనిషి మత్తుగా పడుకుంటాడు. "మందిస్తే నిద్రే పోతడు, నొప్పి మాత్రం అట్లనే ఉంటది" అనే ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. ఈ పోటు కోసం రోజువారీ డోసును పెంచుకుంటూ పోతే కదలని వేళల్లో మత్తు పెరుగుతుంది తప్ప పోటు లొంగదు.

చేయాల్సింది: స్నానానికి, డ్రెస్సింగ్‌కు, ఆటోలో ఆసుపత్రికి బయల్దేరడానికి 30 నుంచి 45 నిమిషాల ముందు అదనపు డోసు. అదనపు డోసు సాధారణంగా రోజు మొత్తంలో ఆరో వంతు. మీ లెక్కన రోజుకు 60 మిల్లీగ్రాములు, అంటే 10. సమయపు డోసులు ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి పదికి రెట్టింపు ఇచ్చి, తెల్లవారుజామున రెండింటి డోసుకు లేపకుండా ఉండే పద్ధతి పాలియేటివ్ కేర్‌లో (నొప్పి, బాధ తగ్గించే వైద్యంలో) మామూలే, మీ డాక్టర్‌ను అడగండి. నొప్పి వచ్చినప్పుడే ఇద్దామని సమయపు డోసు ఆపితే వెన్నుపాము మళ్లీ మొదటి నుంచి రెచ్చిపోయే అవకాశం ఇచ్చినట్టే. కదలకుండా ఉన్నప్పుడే రోజుకు మూడు కంటే ఎక్కువ సార్లు అదనపు డోసు అవసరమైతే, అది సమయపు డోసు చాలడం లేదని గుర్తు. ఆ లెక్క నోటుబుక్కులో రాసి డాక్టర్‌కు చూపించండి, మీ అంతట మీరు పెంచకండి.

మార్ఫిన్‌తో పాటు విరేచనం మందు మొదటి రోజు నుంచే ఉండాలి: రాత్రి బిసాకోడిల్ 10 మిల్లీగ్రాములు, లేదా సెన్నా, చాలకపోతే లాక్టులోజ్ 15 నుంచి 30 మిల్లీలీటర్లు. మలబద్ధకంతో ముక్కితే తుంటి నొప్పి ఇంకా పెరుగుతుంది. మూత్రం తగ్గినా, కండరాలు ఉలిక్కిపడ్డట్టు అదురుతున్నా, మాట తడబడినా కిడ్నీలు మార్ఫిన్ అవశేషాలను బయటికి పంపడం లేదేమోనని అనుమానించాలి. లేపితే లేవనంత మత్తు ఉన్నా, శ్వాస బాగా నెమ్మదించినా తర్వాతి డోసు ఆపి అప్పుడే ఫోన్ చేయండి. ఫెంటానిల్ ప్యాచ్ వాడుతున్నవారికి ఒక జాగ్రత్త: గంటకు 25 మైక్రోగ్రాముల ప్యాచ్ అంటే రోజుకు 60 నుంచి 90 మిల్లీగ్రాముల నోటి మార్ఫిన్‌తో సమానం. జ్వరం వచ్చినా, రామగుండం, పెద్దపల్లి వైపు ఎండాకాలంలో రేకుల కింద పడుకోబెట్టినా చర్మం వేడెక్కి మందు ఎక్కువగా లోపలికి పోతుంది. ప్యాచ్ మీద వేడి కాపడం అసలే పెట్టొద్దు.

గబాపెంటిన్ ఫిట్స్ మందే. ఫిట్స్‌లోనూ ఇక్కడా అది పట్టుకునేది ఒకటే: నరం చివరలోని కాల్షియం ద్వారాల్లో ఆల్ఫా-2-డెల్టా అనే భాగాన్ని. ఆ ద్వారాలు తగ్గితే వెన్నుపాములో గ్లూటమేట్ విడుదల తగ్గుతుంది. లండన్ ఎలుకల్లో గబాపెంటిన్ ఇచ్చినప్పుడు పై పొర కణాల స్పందన మామూలు స్థితికి దగ్గరైంది. అయితే మనుషుల్లో ఫలితం అంత బాగా లేదు. 2016లో వెలువడిన పరీక్షలో, ఎముక నొప్పికి రేడియేషన్ తీసుకుంటున్నవారికి అదే కోవకు చెందిన ప్రీగాబాలిన్ కలిపి ఇస్తే ఉత్తుత్తి గోలీకి మించిన లాభం కనిపించలేదు. అందుకని అందరికీ రాసే మందు కాదిది. "కరెంటు షాకు కొట్టినట్టు", "సుర్రుమంటాంది", "తిమ్మిరెక్కుతాంది", "దుప్పటి తగిలితే మండుతాంది" అనేవాళ్లకు ప్రయత్నించి చూడడం సబబు. మీ బాపుకు దుప్పటి లక్షణం ఉంది కాబట్టి రాసిన డాక్టర్ ఆలోచన సరైనదే. రాత్రి 100 లేదా 300 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మూడు నాలుగు రోజులకోసారి పెంచుతారు, కిడ్నీ పనితీరును బట్టి తగ్గిస్తారు. రెండు మూడు వారాలైనా తేడా లేకపోతే అలాగే మింగుతూ ఉండడం దండగ, మెల్లగా తగ్గించి ఆపమని అడగండి. ఒక్కసారిగా ఆపకూడదు. మార్ఫిన్‌తో కలిపితే మత్తు, తూలడం పెరుగుతాయి. మెత్తబడిన తొడ ఎముకతో తూలి పడితే విరుగుతుంది, కాబట్టి రాత్రి మూత్రానికి లేచేటప్పుడు పక్కన ఒకరు ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి: వెన్నుపాములో వచ్చిన మార్పును ఎముక వైపు నుంచి వెనక్కి తిప్పవచ్చు. 2000లో ఎలుకలకు ఆస్టియోక్లాస్ట్‌లను ఆపే ఆస్టియోప్రొటెజెరిన్ అనే పదార్థం ఇస్తే ఎముక కరగడం ఆగింది, నొప్పి తగ్గింది, వెన్నుపాములోని మార్పులు కూడా తగ్గాయి. సంకేతాల వరద ఆగితే వెన్నుపాము సర్దుకుంటుంది. అందుకే మీ బాపు విషయంలో నేనైతే అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న "రేడియేషన్ ఇచ్చారా?" అనే. నొప్పి ఉన్న ఎముకకు ఒక్కసారి 8 గ్రే (రేడియేషన్ కొలత) ఇస్తే, అయిదు లేదా పది రోజుల కోర్సు ఇచ్చినంతగానే నొప్పి తగ్గుతుంది. పల్లె నుంచి రోజూ తిరగలేని మనిషికి ఇది పెద్ద వరం. పది మందిలో ఆరుగురి దాకా ఫలితం ఉంటుంది, కానీ రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి. మొదటి రెండు మూడు రోజుల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి నొప్పి ఎగదన్నుతుంది. "కరెంటు పెట్టించినంక ఎక్కువైంది" అని రెండోసారి రాకుండా మానేసేవాళ్లు ఉన్నారు. ఆ పెరుగుదల తాత్కాలికం. డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాములు రేడియేషన్ రోజు, తర్వాత నాలుగు రోజులు ఇస్తే కొందరిలో అది రాకుండా ఆపవచ్చు. షుగర్ ఉంటే ముందే చెప్పాలి.

రెండో ఆయుధం జోలెడ్రోనిక్ ఆమ్లం 4 మిల్లీగ్రాములు, 15 నిమిషాలకు తగ్గకుండా సెలైన్‌లో. ఆస్టియోక్లాస్ట్‌లను చంపేది ఇదే. ఇచ్చే ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), కాల్షియం చూడాలి, పళ్లు చూపించాలి. జర్దా, గుట్కా అలవాటుతో పుచ్చిన పళ్లు ఉంటే ముందే పీకించుకోవాలి. మందు మొదలైన తర్వాత పీకితే దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. మొదటి డోసు తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి, పారాసిటమాల్ చాలు. ప్రొస్టేట్ హార్మోన్ ఇంజెక్షన్ల వైద్యం ఆపకూడదు. ల్యూప్రొలైడ్ రకం ఇంజెక్షన్ కొత్తగా మొదలుపెడితే మొదటి వారం, రెండు వారాలు ఎముక నొప్పి పెరగవచ్చు, దానికి ముందుగా బైకాల్యుటమైడ్ గోలీలు ఇస్తారు.

నడిచేటప్పుడు తొడలో పోటు వస్తున్నదంటే ఎముక విరగడానికి సిద్ధంగా ఉందా అన్నది ఎక్స్‌రేతో తేల్చాలి. ఎముక మందంలో మూడింట రెండు వంతులకు మించి తిన్నట్టుంటే విరగకముందే రాడ్ వేయించడం మేలు. ఆ తొడకు నూనె పెట్టి మర్దన చేయించడం, కట్టు వైద్యుడి దగ్గర కట్టించడం, వాతలు పెట్టించడం వద్దు. పక్కకు తిప్పేటప్పుడు ఇద్దరు మనుషులు ఉండాలి: నడుము కింద మడిచిన దుప్పటి వేసి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, భుజం, తుంటి, కాలు ఒకేసారి దుంగలా తిప్పండి. ముందు చెప్పి, మూడు అంకెలు లెక్కపెట్టి కదపండి. బరువు దుప్పటి తొడకు తగలకుండా మంచం మీద అట్టపెట్టెతో పందిరిలా చేస్తే రాత్రి నిద్ర పడుతుంది.

మార్ఫిన్ దొరకడం గురించి: మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టానికి 2014లో సవరణ వచ్చాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు మార్ఫిన్‌ను ఉంచుకోవడం సులభమైంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలు ఉన్నాయి. గోలీలు అయిపోవడానికి వారం ముందే వెళ్లండి, పాత చీటీ, ఆధార్, మిగిలిన గోలీల పట్టీ వెంట తీసుకెళ్లండి. మార్ఫిన్ ఆఖరి రోజుల మందు అనుకుని దాచుకోవద్దు. ఓర్చుకుంటే వెన్నుపాము అలవాటు పడిపోదు, మరింత తేలికగా రెచ్చిపోవడం నేర్చుకుంటుంది.

ఇంకొకటి, ఇది వేరే విషయం, కలగలపొద్దు. పైన చెప్పిందంతా వెన్నుపాములోని సంకేతాల మార్పు. క్యాన్సర్ పూసలోకి పాకి వెన్నుపామునే నొక్కడం అత్యవసర పరిస్థితి. వెన్నులో కొత్తగా నొప్పి మొదలై పడుకుంటే ఎక్కువైనా, దగ్గితే పట్టీ బిగించినట్టు ఛాతీ లేదా పొట్ట చుట్టూ తిరిగినా, కాళ్లు బలం తప్పినా, మూత్రం ఆగినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా పొద్దున దాకా ఆగొద్దు. 24 గంటల్లోపు వెన్నంతా ఎంఆర్‌ఐ తీయాలి, అనుమానం రాగానే డెక్సామెథసోన్ 16 మిల్లీగ్రాములు మొదలుపెడతారు. ఆసుపత్రికి చేరేనాటికి నడుస్తున్న మనిషి తర్వాత కూడా నడిచే అవకాశం ఎక్కువ, కాళ్లు పూర్తిగా పడిపోయాక వచ్చినవారికి ఆ అవకాశం చాలా తక్కువ. ఆ రాత్రే 108కు ఫోన్ చేసి, మనిషిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి తీసుకెళ్లండి.